డి ఆంజా కాలేజీ: ఫీజు తక్కువ, ఊరు ఖరీదు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లల చదువు మాట కమ్యూనిటీ కాలేజీ, అంటే ప్రధానంగా రెండేళ్ళ చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ, దగ్గరికి రాగానే అభిప్రాయాలు రెండుగా చీలిపోతాయి. ఎక్కడా సీటు రానివాళ్ళు చేరేది అదేనని కొందరంటారు. అక్కడ రెండేళ్ళు చదివి పేరున్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఇంకొందరు చెబుతారు. ఇద్దరి మాటా తప్పు కాదు. రెండు రకాల విద్యార్థులూ ఒకే క్లాసులో కూర్చునే చోటు అది. కాలిఫోర్నియాలోని కుపర్టినో అనే శివారు పట్టణంలో, యాపిల్ కంపెనీకి కూతవేటు దూరంలో ఉన్న డి ఆంజా కాలేజీని దగ్గర నుంచి చూస్తే ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో అర్థమవుతుంది.

సంక్షిప్తంగా

డి ఆంజా 1967లో మొదలైన ప్రభుత్వ కాలేజీ. ప్రవేశ పరీక్ష లేదు. ఇక్కడ రెండేళ్ళు చదివి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లలో నేరుగా మూడో ఏడాదిలో చేరవచ్చు. రాష్ట్ర నివాసులకు ఫీజు నామమాత్రం. కానీ అసలు ఖర్చు మూడు చోట్ల దాగి ఉంటుంది: ఇంటి అద్దె, తప్పుగా ఎంచుకున్న కోర్సులు, వీసా రకం. వీటిలో ఏదీ కాలేజీ ఫీజు పట్టికలో కనిపించదు.

తోటల మధ్య కట్టిన కాలేజీ

కాలేజీకి ఆ పేరు రావడానికి కారణం హువాన్ బటీస్టా డి ఆంజా అనే స్పెయిన్ సైనికాధికారి. 1776లో ఆయన బృందం ఈ ప్రాంతం మీదుగా వెళ్ళింది. ఆ బృందంలోని మతాచార్యుడు ఒక వాగుకు పెట్టిన పేరే తర్వాత కుపర్టినో పట్టణానికి వచ్చింది. అంటే ఊరి పేరు, కాలేజీ పేరు ఒకే ప్రయాణంలోంచి పుట్టాయి. కాలేజీ స్థలం ఒకప్పుడు ద్రాక్ష తోట, వైన్ తయారుచేసే ఎస్టేటు. ఆ ఎస్టేటు భవనం ఒకటి ఇప్పటికీ ప్రాంగణంలో ఉంది, చరిత్ర కేంద్రంగా వాడుతున్నారు. చుట్టుపక్కల ప్లమ్ జాతి పండ్లు, ఆప్రికాట్, చెర్రీ తోటలు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ తోటలు కొట్టేసి వరుసగా ఇళ్ళు కట్టారు. కుపర్టినో పట్టణంగా ఏర్పడింది 1955లో. ఆ ఇళ్ళలోని పిల్లలు కాలేజీ వయసుకు వచ్చే సమయానికి ఈ కాలేజీ సిద్ధమైంది.

పరిపాలన మొత్తం ఒక జిల్లా కింద నడుస్తుంది. ఇక్కడ జిల్లా అంటే మన కలెక్టరు ఉండే జిల్లా లాంటిది కాదు. కొన్ని పట్టణాలు కలిసి కాలేజీల కోసం ఏర్పరచుకున్న పన్నుల పరిధి. ఫుట్‌హిల్-డి ఆంజా జిల్లా 1957లో ఏర్పడింది. పాలో ఆల్టో, లాస్ ఆల్టోస్, మౌంటెన్ వ్యూ, సన్నీవేల్, కుపర్టినో, శాన్ హోసేలో కొంత భాగం దాని పరిధిలోకి వస్తాయి. పాలకమండలిని స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. జిల్లా ముందుగా ఫుట్‌హిల్ కాలేజీని తెరిచింది, దాని తర్వాత తొమ్మిదేళ్ళకు డి ఆంజా వచ్చింది.

రాష్ట్రం మొత్తానికి దారి వేసింది 1960 నాటి మాస్టర్ ప్లాన్. ఉన్నత పాఠశాల పూర్తిచేసిన వాళ్ళలో పై ఎనిమిదో వంతుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే యూసీ. పై మూడో వంతుకు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ, అక్కడ బాగా చదివితే పై రెండింటిలోకి మారే హక్కు. ఆ ప్రణాళికలో చాలామంది పట్టించుకోని అంశం ఒకటుంది. యూసీ తన సీట్లన్నీ మొదటి ఏడాదిలోనే నింపేసుకుంటే ఆ హక్కుకు విలువ ఉండదు. అందుకే మూడు, నాలుగు సంవత్సరాల్లో చోటు ఉండేలా కింది తరగతులను తక్కువగా ఉంచాలని అందులోనే రాశారు. ఇవాళ కూడా యూసీ లక్ష్యం, హైస్కూలు నుంచి వచ్చిన ఇద్దరికి ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున చేర్చుకోవడం. ఆ ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో 90 శాతానికి పైగా రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల వాళ్ళే.

ట్రాన్స్‌ఫర్ ఎలా జరుగుతుంది

తెలుగు పాఠకులకు దీనికి దగ్గరి పోలిక ఈసెట్. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఇక్కడ డి ఆంజా విద్యార్థి యూసీలో మూడో ఏడాదిలో చేరతాడు. పోలిక అంతవరకే. ఈసెట్‌లో ర్యాంకు తేలుస్తుంది. కాలిఫోర్నియాలో పరీక్ష లేదు, ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష స్కోరు అడగరు, హైస్కూలు మార్కులు కూడా సాధారణంగా చూడరు. చూసేది ఏ కోర్సులు చేశారు, వాటిలో ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నదే. పదో తరగతి తర్వాత ఆరోగ్యం బాగోలేకో, ఇంట్లో ఇబ్బందుల వల్లో వెనకబడిన పిల్లవాడికి ఇది నిజంగా కొత్త లెక్క. పాత మార్కుల మెమో వెంటాడదు.

కనీస అర్హత ఇలా ఉంటుంది. 60 సెమిస్టర్ యూనిట్లు (యూనిట్ అంటే క్రెడిట్), ఏడాదిని చిన్న క్వార్టర్లుగా విభజించే డి ఆంజా లాంటి కాలేజీలో అయితే 90 యూనిట్లు. రాష్ట్ర నివాసులకు కనీస జీపీఏ 2.4, బయటివాళ్ళకు 2.8. ఏడు తప్పనిసరి కోర్సులు: ఇంగ్లిష్ రచనలో రెండు, గణితంలో ఒకటి, మిగతా రంగాల నుంచి నాలుగు. ఇది కేవలం దరఖాస్తుకు పనికొచ్చే అర్హత. కంప్యూటర్ సైన్స్ లాంటి చోట్ల నిజంగా సీటు రావాలంటే దీనికి చాలా పైన ఉండాలి.

ఆరు క్యాంపస్‌లు ఇంకో అడుగు ముందుకేసి ముందస్తు హామీ ఇస్తాయి. దాన్ని ట్యాగ్ అంటారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు అడిగిన జీపీఏ, కోర్సులు పూర్తిచేస్తే సీటు ఖాయం. విద్యార్థి వాటిలో ఒక్కదానికే ట్యాగ్ పెట్టుకోవాలి, అదీ సెప్టెంబర్ నెలలోనే. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో ఈ హామీ ఇవ్వవు. ఇచ్చే క్యాంపస్‌లు కూడా గిరాకీ ఎక్కువున్న కొన్ని కోర్సులను మినహాయించుకుంటాయి. 'కమ్యూనిటీ కాలేజీలో చేరితే యూసీ గ్యారెంటీ' అనే ప్రచారం సగం నిజం కావడానికి కారణం ఇదే. గ్యారెంటీ ఉన్నది క్యాంపస్‌కు, చాలాసార్లు కోరుకున్న బ్రాంచికి కాదు.

ఇక కోర్సుల సంగతి. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలోని ఏ కోర్సుకు సమానమో అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో పట్టికలుగా ఉంటుంది. ఎడమ వైపు విశ్వవిద్యాలయం కోర్సు, కుడి వైపు కాలేజీ కోర్సు. చూడటానికి తేలిక. తికమకంతా కుడి వైపు గడిలో 'మరియు' అని ఉన్నచోట మొదలవుతుంది. డి ఆంజాలో ఏడాదికి మూడు ప్రధాన క్వార్టర్లు, ఒక్కొక్కటి సుమారు పన్నెండు వారాలు. క్యాలిక్యులస్ మ్యాథ్ 1ఏ నుంచి 1డి దాకా నాలుగు ముక్కలుగా ఉంటుంది. బర్క్‌లీ సెమిస్టర్ పద్ధతిలో నడుస్తుంది. అక్కడి ఒక కోర్సుకు సమానం కావడానికి ఒక్కోసారి ఇక్కడ రెండు ముక్కలు పూర్తిచేయాలి. ఒకటి చేసి ఇంకొకటి వదిలేస్తే, లేదా వరుస మధ్యలో వేరే కాలేజీకి మారితే, చదివింది వృథా కాకపోయినా లెక్కలోకి రాకపోవచ్చు. మళ్ళీ చేయాలంటే ఒక క్వార్టర్ పోతుంది. ఫిజిక్స్‌లో 4ఏ తర్వాతే 4బి చేయాలి కాబట్టి ఒక క్వార్టర్ తప్పితే ఒక్కోసారి ఏడాదే వెనక్కి జరుగుతుంది. కాలేజీ నుంచి రెండేళ్ళలో వెళ్ళాల్సినవాళ్ళు మూడేళ్ళు, నాలుగేళ్ళు ఉండిపోవడానికి తెలివితేటల కంటే ఈ క్రమం తప్పడమే ఎక్కువసార్లు కారణం.

దీన్ని సరిచేయడానికి రాష్ట్రం ఒక్కో ముడి విప్పుతూ వచ్చింది. 2010 నాటి చట్టంతో స్టేట్ యూనివర్సిటీకి మారడానికి ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ళ డిగ్రీ, వచ్చింది. 2017 నాటి ఏబీ 705 చట్టం, చేరగానే పరీక్ష పెట్టి విద్యార్థులను ప్రాథమిక గణితంలోకి తోసే పద్ధతిని దాదాపు ఆపేసింది. అంతకుముందు ఏ యూనిట్లూ రాని ఆ క్లాసుల్లోనే ఏడాది, రెండేళ్ళు గడిపి చదువు మానేసినవాళ్ళు చాలామంది. 2025 నుంచి యూసీకి, స్టేట్ యూనివర్సిటీకి కలిపి అందరూ చేయాల్సిన సాధారణ కోర్సుల పట్టిక ఒకటే అమలవుతోంది. కోర్సు నంబర్లు కూడా రాష్ట్రమంతటా ఒకటిగా మారుతున్నాయి. మొదటి విడతలో ఇంగ్లిష్ రచన, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటి కోర్సులు ఉన్నాయి. 116 కాలేజీలు ఒకే పాఠాన్ని తలో పేరుతో పిలుస్తూ వచ్చిన తీరుకు ఇది మందు. చాలా ఆలస్యంగా వచ్చిన మందు.

మన దగ్గర 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌తో దీన్ని పోల్చి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ బ్యాంకులో విద్యార్థి క్రెడిట్లు దాచుకోవచ్చు, ఇంకో సంస్థకు తీసుకెళ్ళవచ్చు. కానీ 'మీరు ఈ ఈ కోర్సులు చేస్తే మేము మూడో ఏడాదిలో చేర్చుకుంటాం' అని చేర్చుకునే సంస్థ ముందే రాసిచ్చే పట్టిక లేకపోతే దాచిన క్రెడిట్లకు గిరాకీ ఉండదు. కాలిఫోర్నియా ఏర్పాటు బలమంతా చేర్చుకునేవాళ్ళు ముందుగా రాసిచ్చే ఆ మాటలోనే ఉంది.

డబ్బు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోదు

1984 దాకా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజే లేదు. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నుకు కళ్ళెం వేసింది. పన్ను రేటు ఒక శాతం, ఇంటి విలువను ఏడాదికి రెండు శాతానికి మించి పెంచి లెక్కించకూడదు, అమ్మినప్పుడే అసలు ధరకు మారుతుంది. దాంతో స్థానిక ఆదాయం పడిపోయి కాలేజీల పగ్గాలు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో చేతికి వెళ్ళాయి. ఫీజు మొదలై, ఆర్థిక మాంద్యం వచ్చిన ప్రతిసారీ పెరుగుతూ, 2012లో సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్ల దగ్గర ఆగింది. డి ఆంజాలో క్వార్టర్ యూనిట్‌కు అది 31 డాలర్లు.

అంటే ట్రాన్స్‌ఫర్‌కు కావాల్సిన 90 యూనిట్లకు 2,790 డాలర్లు. యూసీలో రాష్ట్ర నివాసికి ఒక్క ఏడాది ట్యూషనే సుమారు 15 వేల డాలర్లు. పుస్తకాలు, ఇతర రుసుములు కలిపినా తేడా తేడాయే. పైగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఫీజు మాఫీ ఉంది. కాలేజీ ప్రామిస్ చట్టం కింద, మొదటిసారి పూర్తికాలం చేరినవాళ్ళకు రెండేళ్ళు మాఫీ చేసే వీలును కూడా రాష్ట్రం కల్పించింది.

విద్యార్థి దగ్గర తీసుకునేది ఇంత తక్కువైతే కాలేజీ ఎలా నడుస్తుంది? ఆస్తి పన్ను, ఫీజు పోను మిగతాది రాష్ట్రం ఇస్తుంది. 2018 నుంచి అమల్లో ఉన్న సూత్రం ప్రకారం సుమారు 70 శాతం విద్యార్థుల సంఖ్యను బట్టి, 20 శాతం తక్కువ ఆదాయ విద్యార్థుల సంఖ్యను బట్టి, 10 శాతం ఫలితాలను బట్టి వస్తుంది. ఖరీదైన శివారు కాలేజీకి ఇక్కడే చిక్కు. పేదరికాన్ని దేశవ్యాప్త ఆదాయ కొలతలతో లెక్కిస్తారు. రాష్ట్రంలోనే చవకైన ఊరు ఫ్రెస్నోలో ఇబ్బంది లేకుండా బతికే జీతంతో కుపర్టినో పరిసరాల్లో గది కూడా దొరకదు, కానీ ఆ కుటుంబం కాగితం మీద పేద కాదు. అధ్యాపకుల జీతాలు మాత్రం స్థానిక ధరలకు తగ్గట్టు ఇవ్వాలి.

రెండో చిక్కు ఇంకా విచిత్రమైనది. 2020 మార్చిలో జిల్లా ఓటర్ల ముందుకు రెండు ప్రతిపాదనలు వెళ్ళాయి. ఒకటి 89.8 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే ఆస్తి పన్నుతో తీర్చే అప్పు, రెండోది ప్రతి స్థలానికీ ఏటా 48 డాలర్ల పన్ను. బాండ్లు గెలిచాయి, చిన్న పన్ను ఓడిపోయింది. బాండ్లకు 55 శాతం ఓట్లు చాలు, ఆ పన్నుకు మూడింట రెండొంతులు కావాలి. బాండు సొమ్ము భవనాలకు, స్థలాలకు మాత్రమే వాడాలి, జీతాలకు వాడకూడదు. ఫలితం చూడటానికి వింతగా ఉంటుంది. ఒక పక్క కొత్త భవనం లేస్తుంటే ఇంకో పక్క క్లాసుల సంఖ్య తగ్గిస్తుంటారు. కాలేజీ దగ్గర డబ్బు మూలుగుతోందని బయటివాళ్ళు అనుకోవడానికి ఈ దృశ్యమే కారణం.

జీతాల ఒత్తిడి పడేది పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద. ఒక జిల్లాలో పూర్తి పనిభారంలో 67 శాతానికి మించి వాళ్ళకు తరగతులు ఇవ్వకూడదని చట్టం. పూర్తికాలం ఉద్యోగాలు పెంచడం కోసమే ఆ పరిమితి పెట్టారు. జరిగింది వేరు. పొద్దున డి ఆంజాలో, మధ్యాహ్నం ఇంకో జిల్లాలో, సాయంత్రం మరో చోట పాఠం చెబుతూ ఫ్రీవేల మీదే సగం రోజు గడిపేవాళ్ళు తయారయ్యారు. విద్యార్థికి దాని ప్రభావం ఒక చిన్న విషయంలో తెలుస్తుంది. యూసీ దరఖాస్తు సమయంలో సందేహం అడగాలంటే ఆ అధ్యాపకులు అప్పటికే కారెక్కి ఉంటారు.

ఇంతకీ ఎవరు చదువుతారు

ఈ ఊళ్ళో ఉండే పిల్లలే ఇక్కడ చదువుతారన్న ఊహతో 1967లో పని మొదలైంది. ఇప్పుడు కుపర్టినోలో మామూలు ఇంటి ధర 20 లక్షల డాలర్లు ఎప్పుడో దాటేసింది. చిన్నపిల్లలున్న కుటుంబాలు కొత్తగా రాలేక బడుల్లో పిల్లలు తగ్గారు, 2022లో స్థానిక ప్రాథమిక పాఠశాలలు కొన్ని మూతపడ్డాయి. ఉన్న కుటుంబాల్లో చాలామంది పిల్లలు నేరుగా పెద్ద విశ్వవిద్యాలయాలకే వెళతారు.

అయినా వాళ్ళు డి ఆంజాకు రారని కాదు. హైస్కూల్లో ఉండగానే వస్తారు. పరిసర హైస్కూళ్ళ పిల్లలు వేసవిలోనో, సాయంత్రాల్లోనో ఇక్కడ గణితం, ప్రోగ్రామింగ్, ఎకనామిక్స్ కోర్సులు చేసి అప్లికేషన్‌లో చూపించుకుంటారు. తెలుగు ఇళ్ళలో 'డి ఆంజాలో సమ్మర్ క్లాస్' అన్న మాట మామూలే. పరిమిత యూనిట్ల దాకా వాళ్ళకు యూనిట్ ఫీజు కూడా ఉండదు. కమ్యూనిటీ కాలేజీని చిన్నచూపు చూసే కుటుంబమే తమ పిల్లను అదే క్లాసుకు పంపడం ఇక్కడ ఎవరికీ వింతగా అనిపించదు.

ఇంకో వర్గం గురించి తక్కువగా మాట్లాడతారు. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యలు. ఆ వీసాతో చదువుకోవచ్చు. 2015 నుంచి వాళ్ళలో కొందరికి, అంటే భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్ళకు, పనిచేసే అనుమతి కూడా ఉంది. కాలిఫోర్నియాలో ప్రీస్కూల్ టీచరుగా పూర్తి అర్హత రావాలంటే శిశువిద్యలో 12 సెమిస్టర్ యూనిట్లు కావాలి, అంటే 18 క్వార్టర్ యూనిట్లు. డి ఆంజా లెక్కలో 558 డాలర్లు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎంబీఏనో, బీటెక్కో చేసి, పదేళ్ళ విరామం తర్వాత ఉద్యోగం వెతుక్కునే మనిషికి ఇంత చవకగా తెరుచుకునే దారి ఆ ప్రాంతంలో ఇంకొకటి లేదు. చదువుకు తగిన ఉద్యోగమా అన్నది వేరే ప్రశ్న.

ఇక పూర్తికాలం చదివే వాళ్ళలో ఎక్కువమంది శాన్ హోసే తూర్పు వైపు నుంచో, ఇంకా దూరం నుంచో వస్తారు. నగరం తూర్పు కొస నుంచి స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీదుగా వచ్చే 23వ నంబరు బస్సు కాలేజీ దగ్గరే ఆగిపోతుంది. కారు ఉన్నవాళ్ళు 85వ హైవే దిగగానే కాలేజీ. పార్కింగ్ స్థలాల విస్తీర్ణం చూస్తేనే ఇది ఎవరూ రాత్రి ఉండని కాలేజీ అని తెలిసిపోతుంది. దశాబ్దాల పాటు నెలకో శనివారం ఆ పార్కింగ్ స్థలాల్లోనే పాత వస్తువుల సంత జరిగేది. ప్రాంగణంలోని ఫ్లింట్ సెంటర్ అనే పెద్ద ఆడిటోరియంలోనే 1984 జనవరి 24న యాపిల్ మొదటి మాకింటోష్‌ను ప్రపంచానికి చూపించింది. 2019లో అది మూతపడింది. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ కూడా డి ఆంజాలో చదివి తర్వాత బర్క్‌లీకి మారినవాడే. అప్పటికి ఆ దారి మధ్యతరగతి పిల్లలకు మామూలు దారి.

హాస్టళ్ళు లేకపోవడం అప్పట్లో లోపం కాదు, పిల్లలు ఇంట్లోనే ఉండేవారు. ఇప్పుడు ఒక పడకగది ఫ్లాటుకు నెలకు 3 వేల డాలర్లకు అటూ ఇటూ అద్దె. రెండేళ్ళ ఫీజు మొత్తం కలిపినా ఒక నెల అద్దెకు చాలదు. కార్లలో పడుకునే విద్యార్థులకు రాత్రిపూట కాలేజీ పార్కింగ్ తెరిచి ఉంచాలంటూ 2019లో రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. బాండు సొమ్ముతో జిల్లా ఇటీవల కాలేజీకి దగ్గర్లో 94 ఫ్లాట్ల సముదాయాన్ని విద్యార్థుల కోసం కొన్నది. భవనాలకు మాత్రమే వాడాల్సిన డబ్బు ఈసారి సరిగ్గా అవసరమైన చోటికే చేరింది. వేలమంది చదివే కాలేజీలో 94 ఫ్లాట్లు ఎంతమందికి సరిపోతాయన్నది వేరే లెక్క.

తెరిచిన తలుపు, దొంగ దరఖాస్తులు

కొన్నేళ్ళుగా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలను వార్తల్లోకి తెస్తున్నది నకిలీ విద్యార్థుల బెడద. దొంగిలించిన పేర్లతో, ప్రోగ్రాములతో దరఖాస్తులు నింపి, ఆన్‌లైన్ క్లాసులో చేరి, ఫెడరల్ గ్రాంటు చేతికి రాగానే మాయమైపోతారు. దరఖాస్తుల్లో పావు వంతు దాకా అనుమానాస్పదమైనవేనని రాష్ట్ర చాన్సలర్ కార్యాలయమే చెప్పింది. అందులో ఎక్కువ భాగం చేరకముందే పట్టుబడుతుంది.

ఖరీదైన ప్రైవేటు కాలేజీల్లో లేని ఈ బెడద ఇక్కడే ఎందుకు? దరఖాస్తు ఉచితం, పరీక్ష లేదు, అందరికీ ప్రవేశం. ఖరీదైన కాలేజీలో గ్రాంటు ఫీజుకే సరిపోతుంది. ఇక్కడ ఫీజు పోను మిగిలిన గ్రాంటు జీవన ఖర్చుల కోసం విద్యార్థి చేతికే వస్తుంది. పేద విద్యార్థికి ఊపిరి పోసే ఏర్పాటే దొంగకు లాభసాటి. నష్టం డబ్బుతో ఆగదు. నకిలీ పేర్లతో క్లాసు నిండిపోతే అసలు విద్యార్థి వెయిటింగ్ లిస్టులో ఉంటాడు, ఆ క్వార్టర్‌లో మ్యాథ్ 1బి దొరక్కపోతే పైన చెప్పిన వరుస తప్పుతుంది. 2025లో ఫెడరల్ విద్యాశాఖ మొదటిసారి దరఖాస్తు చేసేవాళ్ళలో కొందరికి గుర్తింపు తనిఖీ తప్పనిసరి చేసింది. తనిఖీ పెరిగే కొద్దీ సరైన కాగితాలు చేతిలో లేని నిజమైన విద్యార్థి కూడా చిక్కుకుంటాడు. వలస కుటుంబాల్లో ఇలాంటివాళ్ళు తక్కువేమీ కాదు.

వీసాను బట్టి మారే ధర

భారత్ నుంచి ఇంటర్ పూర్తిచేసి ఎఫ్-1 అనే విద్యార్థి వీసాతో నేరుగా కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్ళు ఉన్నారు. తెలుగు విద్యార్థుల్లో అత్యధికులు ఎంఎస్ కోసమే వెళతారు కాబట్టి ఈ సంఖ్య చిన్నది. వాళ్ళకు 31 డాలర్ల లెక్క వర్తించదు, అంతకు ఎన్నో రెట్లు కట్టాలి. కాలేజీకి ఇది విలువైన ఆదాయం, అందుకే విదేశీ విద్యార్థుల వీసాలు తగ్గినప్పుడల్లా బడ్జెట్ మీద దెబ్బ పడుతుంది. విద్యార్థి గమనించాల్సిన ఇంకో తేడా, అసోసియేట్ డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే చదువు అయ్యాక పనిచేసే అనుమతి, పన్నెండు నెలలే. సైన్స్, టెక్నాలజీ రంగాలవాళ్ళకు దొరికే స్టెమ్ పొడిగింపు రావాలంటే బ్యాచిలర్ లేదా అంతకు పైన డిగ్రీ ఉండాలి. యూసీకి మారిన తర్వాత కూడా బయటివాళ్ళు ట్యూషన్ మీద ఏటా 30 వేల డాలర్లకు పైగా అదనంగా కడతారు. వాళ్ళ విషయంలో మొదటి రెండేళ్ళ ఆదా మిగతా రెండేళ్ళలో చాలావరకు కరిగిపోతుంది.

అసలు క్లిష్టమైన పరిస్థితి అక్కడే పెరిగిన హెచ్-4 పిల్లలది. హెచ్-4 మీద ఉన్నంతకాలం కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా నివాసం చూపించి రాష్ట్ర నివాసి ఫీజుకే చదవవచ్చు. ఫెడరల్ గ్రాంట్లు మాత్రం రావు. భారతీయుల గ్రీన్ కార్డు వరుస ఏళ్ళ తరబడి కదలదు కాబట్టి చాలామందికి ఈలోగా 21 నిండుతుంది, హెచ్-4 పోతుంది. అప్పుడు సాధారణంగా ఎఫ్-1కు మారతారు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళను రాష్ట్ర నివాసులుగా లెక్కించరు. మూడేళ్ళు కాలిఫోర్నియా హైస్కూల్లో చదివినవాళ్ళకు నివాసి ఫీజు ఇచ్చే ఏబీ 540 చట్టం ఉంది కదా అంటే, అది పత్రాలు లేనివాళ్ళకు వర్తిస్తుంది, చెల్లుబాటయ్యే తాత్కాలిక వీసాలో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి వర్తించదు. రెండో తరగతి నుంచి కుపర్టినోలో చదివిన పిల్లవాడు ఒక పుట్టినరోజుతో విదేశీ విద్యార్థి అయిపోతాడు.

ఈ పిల్లలకు కమ్యూనిటీ కాలేజీ లెక్క మామూలుగా కాకుండా క్యాలెండర్‌తో వేసుకోవాల్సి వస్తుంది. 18 ఏళ్ళకు డి ఆంజాలో చేరి, క్వార్టర్ తప్పకుండా రెండేళ్ళలో ముగిస్తే 20కి యూసీలో ఉంటారు, ఒక ఏడాది నివాసి ఫీజు దొరుకుతుంది. కోర్సుల వరుస తప్పి మూడేళ్ళు పడితే ఆ ఏడాది కూడా పోతుంది. కొందరు అందుకే హైస్కూల్లో ఉండగానే డి ఆంజా యూనిట్లు పోగుచేసుకుంటున్నారు.

రాబోయే మార్పులు

2014లో ప్రయోగంగా మొదలై 2021లో శాశ్వతమైన విధానం ప్రకారం కమ్యూనిటీ కాలేజీలు కొన్ని రంగాల్లో నాలుగేళ్ళ డిగ్రీ కూడా ఇవ్వవచ్చు. యూసీ, స్టేట్ యూనివర్సిటీ ఇస్తున్న కోర్సును మళ్ళీ పెట్టకూడదన్నది షరతు. ఫుట్‌హిల్‌లో దంత పరిశుభ్రత, డి ఆంజాలో ఆటోమోటివ్ టెక్నాలజీ నిర్వహణ అలా వచ్చినవే. కంప్యూటర్ సైన్స్ మీదే చూపు నిలిపే కుటుంబాలకు ఇవి కనబడవు. కానీ కాలేజీ అసలు ఎవరి కోసం అన్న పాత ప్రశ్నకు ఇక్కడ కొత్త జవాబు ఒకటి తయారవుతోంది: ఇంకెక్కడికో మారకుండా ఇక్కడే చదువు ముగించి, దగ్గర్లో పనిచేసేవాళ్ళ కోసం.

మహమ్మారి తర్వాత ఆన్‌లైన్ క్లాసుల వాటా బాగా పెరిగింది. దానివల్ల జిల్లా సరిహద్దుకు అర్థం పలచబడుతోంది. అద్దె భరించలేని విద్యార్థి చవకైన ఊళ్ళో ఉంటూ డి ఆంజా కోర్సు చేయవచ్చు, కుపర్టినోలో ఉన్నవాళ్ళు ఇంకో జిల్లా కాలేజీలో ఖాళీగా ఉన్న సీటు తీసుకోవచ్చు. బాండ్లకు ఓటు వేసి ఆ భవనాల ఖర్చు భరిస్తున్నది మాత్రం ఈ జిల్లా ఇళ్ళ యజమానులే. తమ ప్రాంతానికి పెద్దగా రాని విద్యార్థుల కోసం వాళ్ళు ఎంతకాలం పన్ను కట్టడానికి ఒప్పుకుంటారన్నది తర్వాతి బాండు ఎన్నికలో తేలుతుంది.